సెంట్లలో కొని, మీటర్లలో కట్టి, అడుగుల్లో తవ్వి: పల్నాటి ఇళ్లకు కొలతల చిట్కాలు

నాగార్జునసాగర్ నీటిమట్టం అడుగుల్లో చెబుతారు. నిల్వ టీఎంసీల్లో, కుడి కాలువకు వదిలేది క్యూసెక్కుల్లో. ఆ నీళ్లతో తడిసే పొలానికి ఎకరాలూ సెంట్లూ, ఆ పొలంలో కొట్టే మందు డబ్బా మీద హెక్టార్లు. పండిన మిరపకాయలు క్వింటాళ్లలో పోతాయి, ఆ డబ్బుతో కొనే బంగారం సవర్లలో వస్తుంది. దేశంలో మెట్రిక్ తూనికలు 1958 అక్టోబరులో మొదలయ్యాయి. కిలో, లీటరు బజారంతా గెలిచేశాయి గానీ నేల దగ్గర, బోరు దగ్గర, గోడల దగ్గర అడుగూ అంగుళమూ కదల్లేదు. కదలకపోతే వచ్చిన నష్టం కూడా ఏమీ లేదు. డబ్బు జారిపోయేది, మందు ఎక్కువయ్యేది ఒక కొలతలోంచి ఇంకో కొలతలోకి దాటే చోటే. నరసరావుపేట, గురజాల, మాచర్ల వైపు ఇళ్లలో తరచూ ఎదురయ్యే అలాంటి చోట్లు ఇవి.

1. పాస్‌పుస్తకంలో చుక్క తర్వాత ఉన్నవి సెంట్లా, గుంటలా?

మన వైపు 2.20 అంటే రెండెకరాల 20 సెంట్లు. పొందుగల దగ్గర వంతెన దాటి వాడపల్లి చేరితే, ఆ నల్గొండ వైపు అదే 2.20 రెండెకరాల 20 గుంటలు. ఎకరాకు సెంట్లు 100, గుంటలు 40. అంటే అక్కడి 2.20 మన లెక్కలో రెండున్నర ఎకరాలు. ముప్పై సెంట్ల తేడా! ఏటికి అటూ ఇటూ వియ్యాలందుకునే ఊళ్లు మనవి. పెళ్లిమాటల్లో అయినా, బేరంలో అయినా "రెండూ ఇరవై" అని ఎవరైనా అంటే సెంట్లా గుంటలా అని అడగడానికి మొహమాటపడొద్దు. గుంటను రెండున్నరతో గుణిస్తే సెంట్లు.

మన దగ్గరే జరిగే పొరపాటు ఇంకొకటుంది. రెండెకరాల అయిదు సెంట్లను 2.05 అని రాయాలి. 2.5 అని రాస్తే అది రెండెకరాల యాభై సెంట్లు. చేతిరాత అగ్రిమెంట్లలో ఈ సున్నా ఎగిరిపోతుంటుంది. అంకెల పక్కనే అక్షరాల్లోనూ రాయించుకోండి.

2. సెంటుకు 48 గజాలు కాదు, 48.4.

నోటిలెక్కకు 48 బాగానే ఉంటుంది. అయిదు సెంట్ల స్థలం దగ్గర ఆ లెక్క 240 గజాలు, అసలు లెక్క 242. రెండు గజాలే కదా అనుకునేముందు మీ ఊళ్లో గజం ధర గుర్తు తెచ్చుకోండి. అడుగుల్లో సెంటు 435.6 చదరపు అడుగులు, మీటర్లలో 40.47 చదరపు మీటర్లు. అపార్టుమెంటు కాగితాల్లో కార్పెట్ ఏరియా చదరపు మీటర్లలో ఉంటే 10.76తో గుణించండి, చదరపు అడుగులొస్తాయి. ఎవరైనా అంకణాల్లో చెబితే మాత్రం ఏ ఊరి అంకణమో ముందు తేల్చుకోవాలి. కొన్నిచోట్ల అది 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72.

3. పాత ఎఫ్ఎంబీ (పొలం సర్వే పటం) చేతికొస్తే వెయ్యితో భాగించండి.

పాత పొలం పటాల్లో హద్దుల పక్కన ఉండే అంకెలు సాధారణంగా లింకులు. సర్వే గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. లింకు అంటే దాదాపు ఎనిమిది అంగుళాలు. ఇంగ్లండులో పదిహేడో శతాబ్దంలో చేసిన గొలుసు ఇది, కానీ దశాంశాల్లో ఎంత చక్కగా ఇముడుతుందో చూడండి: పొడవునీ వెడల్పునీ లింకుల్లో గుణించి 1000తో భాగిస్తే నేరుగా సెంట్లు వచ్చేస్తాయి. 200 లింకుల పొడవు, 150 లింకుల వెడల్పు ఉన్న చెక్క 30 సెంట్లు. మెట్రిక్ అభిమానులు ఏమన్నా అనుకోండి, ఎకరాన్ని కొలవడానికి మీటరు టేపు కన్నా ఈ గొలుసే సుఖం. కొత్త పటంలో మీటర్లుంటే, చదరపు మీటర్లను 40.47తో భాగించండి.

4. ఇల్లు కట్టేటప్పుడు ఎవరి టేపుతో వాళ్లే కొలుచుకోవాలని ముందే ఒప్పందం చేసుకోండి.

మేస్త్రి అడుగుల్లో చెబుతాడు, కిటికీలవాడు మిల్లీమీటర్లలో రాసుకుంటాడు, మోడ్యులర్ కిచెన్‌వాళ్లు సెంటీమీటర్లలో గీస్తారు. ఎవరి లెక్కా తప్పు కాదు, మధ్యలో మార్చి చెప్పిన మనిషి దగ్గరే తప్పు పుడుతుంది. కాబట్టి మీరు మార్చి చెప్పొద్దు. కొలిచేవాణ్ణే పిలిపించి, అతని టేపుతో, అతనికి అలవాటైన కొలతలోనే రాసుకోమనండి.

5. పదడుగుల గదికి 600 మిల్లీమీటర్ల టైలు అతకదు.

రెండడుగుల టైలు అని షాపులో ఇచ్చేది చాలావరకు 600 మి.మీ. టైలు. నిఖార్సయిన రెండడుగులు 609.6. పదడుగుల గది 3048 మి.మీ., అయిదు టైళ్లు 3000. సందులు పోను ఒకటిన్నర నుంచి రెండంగుళాల సన్నటి పట్టీ మిగులుతుంది. పనివాడు పరుపు ఎక్కడ మొదలుపెడితే దానికి ఎదురు గోడ దగ్గర ఆ పట్టీ తేలుతుంది, గుమ్మం ముందు తేలితే జీవితాంతం కళ్లలో పడుతుంది. గుమ్మం దగ్గర నిండు టైలుతో మొదలుపెట్టించి, పట్టీని మంచం కిందికో బీరువా వెనక్కో తోయించండి.

పెట్టెల లెక్కలోనూ ఇదే తిరకాసు. నాలుగు టైళ్ల పెట్టె మీద 1.44 చదరపు మీటర్లని ఉంటుంది, అంటే 15.5 చదరపు అడుగులు. నోటిమాటగా మాత్రం 16 అంటారు. 464 చదరపు అడుగుల హాలుకు 16 చొప్పున 29 పెట్టెలు సరిపోవాలి, నిజానికి 30 పడతాయి. కోతల్లో విరిగేవి దానికి అదనం. పెట్టె మీదున్న చదరపు మీటర్లతోనే లెక్క కట్టించుకోండి.

మాచర్ల నాపరాయి వేయించుకుంటుంటే ఈ బాధ లేదు, రాయిని అడుగుల్లోనే కోసి అడుగుల్లోనే అమ్ముతారు. అక్కడ అడగాల్సిందొక్కటే: కొలత అంచు కోయకముందుదా, కోసిన తర్వాతదా?

6. చువ్వల బరువు మీరే లెక్క కట్టొచ్చు.

మందం మిల్లీమీటర్లలో, పొడవు అడుగుల్లో, ధర కిలోల్లో. చువ్వ మందాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో తెలుస్తుంది. నలభై అడుగుల చువ్వ అని మనం అనేది 12 మీటర్లు. ఈ లెక్కన నిండు చువ్వ 8 మి.మీ. అయితే 4.74 కిలోలు, 10 అయితే 7.4, 12 అయితే 10.67, 16 అయితే దాదాపు 19. కొద్దిపాటి తేడాను ప్రమాణాలే ఒప్పుకుంటాయి. లోడు మొత్తానికి లెక్క బాగా తప్పితే ఇనుమైనా సన్నంగా ఉండాలి, కాటా అయినా తప్పు చూపించాలి.

7. ఇసుక టన్నుల్లో కొంటే పొడిది చూడండి, ట్రక్కు లెక్కన కొంటే తడిని గమనించండి.

యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు, పొడి ఇసుక అయితే దాదాపు నాలుగున్నర టన్నులు. కారుతున్న ఇసుకను టన్నుల్లో తూయిస్తే నీళ్లకు డబ్బు కట్టినట్టే. ట్రక్కు లెక్కన కొనేటప్పుడు ఇంకోలా ఉంటుంది: కొంచెం చెమ్మ తగిలిన ఇసుక గుల్లబారి, అదే ఇసుక ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ట్రక్కు నిండుగా కనిపిస్తుంది, ఆరాక కుప్ప కుంగుతుంది.

8. పైపు కొనడానికి వెళ్లేటప్పుడు పాత పైపు ముక్క సంచిలో వేసుకెళ్లండి.

పొలం పైపులు మిల్లీమీటర్లలో ఉంటాయి: 63ను రెండంగుళాలని, 75ను రెండున్నర అని, 90ని మూడని, 110ని నాలుగని పిలుస్తాం. అది బయటి కొలత. ఇంటి ప్లంబింగు పైపులు అంగుళాల పద్ధతిలో వస్తాయి, వాటి రెండంగుళాల పైపు బయటి కొలత 60.3 మి.మీ. రెండిటి పేరూ రెండంగుళాలే, ఒకదాని కాలరు ఇంకొకదానికి పట్టదు. పైపు మూతిని కాల్చి సాగదీసి ఎక్కించడం మన పొలాల్లో మామూలే గానీ, మోటారు ఒత్తిడికి ముందుగా ఊడేది ఆ అతుకే. రెండు రకాల్ని కలపాల్సి వస్తే మరలున్న జాయింటు అడిగి తీసుకోండి.

9. బోరు అడుగుల్లో, మోటారు హెడ్ మీటర్లలో.

మోటారు పలక మీద హెడ్ 70 అని ఉంటే అవి మీటర్లు, అంటే 230 అడుగులు. లెక్కకు బోరు మొత్తం లోతు తీసుకోకండి. మోటారు నడుస్తున్నప్పుడు నీళ్లు ఎన్ని అడుగుల కింద నిలబడతాయో, దానికి ఇంటిమీద ట్యాంకు ఎత్తు కలపండి, వచ్చినదాన్ని 3.28తో భాగించండి, పైపుల రాపిడికి మరికొంత చేర్చండి. ఇక హెచ్‌పీ అంటే 746 వాట్లు. నష్టాలతో కలిపి చూస్తే ఒక హెచ్‌పీ మోటారు గంట నడిస్తే దాదాపు ఒక యూనిట్ కరెంటు.

10. పేపర్లో టీఎంసీ కనిపిస్తే ఎకరాల్లో ఊహించుకోండి.

టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. దాదాపు 23 వేల ఎకరాల్లో అడుగు లోతున నిలబడే నీళ్లు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, 28 లీటర్ల పైచిలుకు. కాలువలో 11 వేల క్యూసెక్కులు రోజంతా పారితే టీఎంసీకి కాస్త తక్కువ. వాన లెక్క మిల్లీమీటర్లలో వస్తుంది: 10 మి.మీ. కురిస్తే ఎకరం మీద 40 వేల లీటర్లు పడ్డట్టు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. మిరపతోటకు ట్యాంకర్లతో నీళ్లు తోలినవాళ్లకు ఈ లెక్క విలువ వేరే చెప్పక్కర్లేదు.

11. మందు డబ్బా మీది మోతాదు హెక్టారుకు. ఎకరాకు రెండున్నరతో భాగించండి.

ఈ జాబితాలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలం అంటే ఇది పెట్టుకోండి. హెక్టారు 2.47 ఎకరాలు. హెక్టారుకు 500 మి.లీ. మందు, 500 లీటర్ల నీళ్లు అని డబ్బా మీద ఉంటే ఎకరాకు 200 మి.లీ. మందు, 200 లీటర్ల నీళ్లు. మీ ట్యాంకు 20 లీటర్లదయితే పది ట్యాంకులు, ట్యాంకుకు 20 మి.లీ. ట్యాంకు 16 లీటర్లదయితే పన్నెండున్నర ట్యాంకులు, ట్యాంకుకు 16 మి.లీ. హెక్టారు అంకెను ఎకరాకనుకుంటే రెండున్నర రెట్లు మందు పడుతుంది: ఖర్చు అంతకంత, ఆకు మాడితే పంటా పోయె, కాయలో మందు మిగిలితే కొనేవాడు వెనక్కి తిప్పె.

సీసా మూతతో కొలవొద్దు, ఒక్కో కంపెనీ మూత ఒక్కో సైజు. మిల్లీలీటర్ల గీతలున్న గ్లాసు ఒకటి కొని, దాని మీద "మందు" అని పెయింటుతో రాసి, మోటారు కొట్టంలోనే ఉంచండి. వంటింట్లోకి రానివ్వకండి. పొడిమందు విషయంలో గ్రామూ మిల్లీలీటరూ ఒకటనుకోకూడదు. గీతల గ్లాసులో 50 వరకు పోసిన పొడి 50 గ్రాములు కాదు, కాటా మీద తూయాల్సిందే.

12. బస్తా అంటే ఎన్ని కిలోలు?

యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలు. డీఏపీ ఇంకా 50. యూరియాలో నత్రజని 46 శాతం. ఎకరాకు 46 కిలోల నత్రజని కావాలంటే 100 కిలోల యూరియా, అంటే రెండు బస్తాలూ ఇంకో పది కిలోలూ. పాత అలవాటున "రెండు బస్తాలు" అంటే లెక్క తక్కువ పడుతుంది.

ధాన్యం బస్తా మన వైపు 75 కిలోలు, ప్రభుత్వ ధర క్వింటాలుకు. క్వింటాలు ధరలో ముప్పాతిక వంతు బస్తా ధర. 2025-26లో సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, బస్తాకు దాదాపు 1,777.

బియ్యం సంచి చూశారా? చాలాచోట్ల 25 పోయి 26 కిలోలయింది. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ఉండే ప్యాకింగు బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పెట్టారు, ఆ మర్నాటి నుంచే సంచికి కిలో బలిసింది! సంచి ధర కాదు, కిలో ధర పోల్చండి.

13. క్యాండీ ధర చూసి మీ పత్తికి వెలకట్టొద్దు.

పత్తి వార్తల్లో వినిపించే క్యాండీ 356 కిలోలు. అది గింజ తీసిన దూది. మీ ఇంట్లో ఉన్నది గింజతో ఉన్న పత్తి, అందులో దూది సుమారు మూడో వంతు.

14. అమ్మమ్మ ఆవకాయ పాళ్లను కిలోల్లోకి మార్చకండి.

పాత లెక్క ఇది: నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఇవన్నీ పాత్ర నిండే కొలతలు. బరువులు వేరే: వీశ దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు, ఎనిమిది వీశలు మణుగు. "మానిక కారం, మానిక ఉప్పు, మానిక ఆవపిండి" అని అలవాటుగా చెప్పే అమ్మమ్మ మాటను మనవరాలు కిలో, కిలో, కిలో అని రాసుకుంటే పచ్చడి చెడిపోయినట్టే. మెత్తటి ఉప్పు లీటరు డబ్బా నిండా పోస్తే కిలో దాటుతుంది, కారం అందులో సగం తూగడం కష్టం.

మానిక దొరక్కపోతే గాబరా అక్కర్లేదు. ఇంట్లో ఉన్న ఏదో ఒక గ్లాసునే పట్టుకుని ముక్కలూ కారమూ ఉప్పూ ఆవపిండీ దాంతోనే కొలవండి. పాళ్లు నిలబడితే చాలు, పాత్ర ఏదైనా ఒకటే. ఒక్క జాగ్రత్త: ఆ పాళ్లు కల్లుప్పు కాలం నాటివి. పలుకుల మధ్య సందులుంటాయి కాబట్టి అదే గ్లాసుకు మెత్తటి ఉప్పు బరువులో ఎక్కువ దిగుతుంది, పచ్చడి ఉప్పుకషాయం అవుతుంది. కల్లుప్పునే తెచ్చి ఎండబెట్టి దంచాలా, దంచాక కొలవాలా, కొలిచాక దంచాలా అన్నది కూడా ఆ పెద్దామెనే అడగండి. ఇళ్లను బట్టి మారుతుంది, ఇందులో నేను తలదూర్చను.

నూనె దగ్గర ఇంకో మెలిక. గానుగలో కిలోల్లో ఇస్తారు, ప్యాకెట్టు లీటర్లలో వస్తుంది. లీటరు నూనె సుమారు 910 గ్రాములు. ప్యాకెట్టు మీద గ్రాములు కూడా చదవండి, చూడ్డానికి లీటరులా ఉండి 850 గ్రాములున్న ప్యాకెట్లు కూడా ఉన్నాయి.

15. పంపకాల్లో తులాలు వద్దు, గ్రాములు రాయండి.

పాత తులం 11.66 గ్రాములు. ఇప్పుడు బజారులో తులమంటే పది గ్రాములే. అత్తగారి కాలం చీటీలో "హారం అయిదు తులాలు" అని ఉంటే అది 58 గ్రాములు కావచ్చు, ఇప్పటి లెక్కలో 50 అనుకుంటే ఎవరి వాటా నుంచో ఎనిమిది గ్రాములు ఎగిరిపోయాయి. అది ఒక సవర. నగను తూయించి గ్రాముల్లో రాసుకుంటే అక్కాచెల్లెళ్ల మధ్య మాట రాదు. టీవీలో ఔన్సు ధర చెబితే 31.1తో భాగించండి.

16. చిల్లర సంగతులు.

టీవీ పెట్టె మీద 108 సెంటీమీటర్లంటే 43 అంగుళాలు, 2.54తో భాగించడమే. ఆరు గజాల చీర దాదాపు అయిదున్నర మీటర్లు. రవిక ముక్క 80 సెంటీమీటర్లంటే 31 అంగుళాల పైన, పొడుగు చేతులు కావాలంటే ముందే మీటరు తీయించండి. మల్లెపూల మూర విషయంలో మాత్రం ఏ చట్టమూ పనిచేయదు, చెయ్యి పొడుగున్న ఆవిడ దగ్గర కొనండి.

17. జ్వరం, మందు: ఇక్కడ అంచనాలు వద్దు.

రెంటచింతల ఎండ 45 డిగ్రీలంటే సెల్సియస్, పిల్లాడి జ్వరం 102 అంటే ఫారన్‌హీట్. డిజిటల్ థర్మామీటర్లో 38.9 అని కనిపిస్తే అదే 102. మామూలు ఒంటి వేడి 37, అంటే 98.6. డాక్టరుకు ఫోన్లో చెప్పేటప్పుడు అంకె పక్కన ఉన్న సీ, ఎఫ్ అక్షరం కూడా చదివి చెప్పండి.

పిల్లల పారాసిటమాల్ సిరప్ ఒకే పేరుతో రెండు ఘాటుల్లో దొరుకుతుంది: 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉండేది, 250 మి.గ్రా. ఉండేది. పాత సీసా అయిపోయి కొత్తది తెచ్చినప్పుడు అదే అంకె ఉందో లేదో చూడాలి, లేకపోతే అదే చెంచాతో రెట్టింపు పోసినట్టవుతుంది. పోసేది సీసాతో వచ్చిన గీతల మూతతోనే, వంటింటి చెంచాతో కాదు.

ఇన్సులిన్ వాడే పెద్దవాళ్లున్న ఇంట్లో సీసా మీద 40 అని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 అని ఉంటే నారింజ మూత సిరంజి. కొత్త సీసా తెచ్చిన ప్రతిసారీ రెండిటి అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. కలవకపోతే సూది వేయకుండా ముందు మందుల షాపుకు తిరిగి వెళ్లండి.